కోరాపుట్ కొండల మీద పాత పెంకుటిల్లు: చూరు, కొప్పు మరమ్మతుపై తరచుగా అడిగే ప్రశ్నలు

కోరాపుట్, సునాబేడ, సెమిలిగుడ, పొట్టంగి, రాయగడ చుట్టుపక్కల తెలుగు కుటుంబాల పాత పెంకుటిళ్లు ఇంకా చాలానే నిలిచి ఉన్నాయి. 1936లో ఒడిశా ఏర్పడక ముందు, ఈ కొండలన్నీ విశాఖపట్నం జిల్లాలో ఉన్న రోజుల నుంచీ ఇక్కడే ఉన్నవారు కొందరు. ఆ తరవాత సాలూరు, పార్వతీపురం, విజయనగరం వైపు నుంచి వ్యాపారానికో ఉద్యోగానికో వచ్చి స్థిరపడినవారు మరికొందరు. ఇళ్ల తీరు మాత్రం ఇంచుమించు ఒకటే: మట్టి గోడో ఇటుక గోడో, దాని మీద కర్ర వాసాలు, ఆపైన పెంకు. వర్షాలు వెనకబట్టి చలి మొదలవగానే ఈ ఇళ్లవాళ్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. మైదాన ప్రాంతపు సలహాలు ఇక్కడ అన్నివేళలా పనికిరావు. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఏడాదికి 1500 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. తరవాత నాలుగు నెలలు పొడి చలి. కర్ర ఉబ్బేదీ ఇక్కడే, బీటలు వారేదీ ఇక్కడే.

ఇంట్లో ఎక్కడా కారడం లేదు. అయినా చూరు చూసుకోవాలా?

చూసుకోవాలి. నడింట్లో చుక్క పడితే ఆ రాత్రే అందరూ లేచి గిన్నె పెడతారు. చూరు దగ్గర పడే నీళ్లు గోడ బయట పడతాయి కాబట్టి ఎవరికీ పట్టదు. వాసం కొస పుచ్చుతుంది, చివరి వరస పెంకులు కిందికి వాలతాయి, ఆ నీళ్లు గోడ మీదికి మళ్లుతాయి. మట్టి గోడ అయితే రెండు మూడు వానాకాలాల్లో పాదం దగ్గర కరిగిపోవడం మొదలవుతుంది. పాత ఇళ్లు కప్పు నడుమ నుంచి కూలడం తక్కువ, అంచుల నుంచి పాడవడమే ఎక్కువ. చేతిలో ఉన్న డబ్బు కొంచెమే అయితే అది ముందు చూరుకు ఖర్చు పెట్టండి, గోడల రంగుకు కాదు.

ఎక్కడ, ఎలా పరీక్షించాలి?

నిచ్చెన, టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవరు చాలు. ముందు వాసాల కొసలు చూడండి. పక్కనుంచి చూస్తే కొస బూడిద రంగులో, గట్టిగానే కనిపిస్తుంది. దాన్ని నమ్మవద్దు. స్క్రూడ్రైవరు మొనను వాసం పైభాగాన, పెంకు కింద, కొసకు జానెడు లోపల గుచ్చండి. మంచి కర్రలో మొన గోరంత కూడా దిగదు. పుచ్చిన కర్రలో చప్పుడు లేకుండా అంగుళం దిగిపోతుంది, బయటికి తీస్తే మొనకు తడి ముక్కిపొడి అంటుకుని వస్తుంది. వాసం పొడవునా నీళ్లు తాగడం తక్కువ, అడ్డంగా కోసిన కొస మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ తాగుతుంది. అందుకే పుచ్చు ఎప్పుడూ కొసలోనే మొదలవుతుంది.

తరవాత చివరి వరస పెంకులు. పెంకు అంచు చూరు పలక దాటి కనీసం రెండు అంగుళాలు బయటికి రావాలి. అంతకన్నా తక్కువ ఉంటే నీళ్లు నేరుగా కిందికి పడవు. పెంకు అడుగును పట్టుకుని వెనక్కి పాకి వాసం కొసకు చేరతాయి. ఒక చెంబు నీళ్లు పెంకు మీద పోసి, కింద నిలబడి చూస్తే ఇది కళ్లారా కనిపిస్తుంది.

చాలామంది వడ్రంగులు కూడా మరిచే సంగతి ఒకటుంది. వాసాల మీద అడ్డంగా కొట్టే రీపర్లలో అన్నిటికన్నా కిందిది మిగతావాటికన్నా ఎత్తుగా ఉండాలి. పై వరసల్లో ప్రతి పెంకూ తన కింది పెంకు మీద ఆనుకుంటుంది. చివరి వరసకు ఆనడానికి కింద పెంకు లేదు. ఆ ఎత్తు రీపరుతో ఇవ్వకపోతే ఆ వరస వాలిపోయి, పై వరసకూ దానికీ మధ్య సందు ఏర్పడుతుంది. ఏటవాలు వానకు అదే దారి. మీ ఇంట్లో చూరు దగ్గర మాత్రమే తడి కనిపిస్తుంటే పెంకులు మార్చే ముందు ఈ రీపరు చూడండి.

చివరిగా గోడ మీది దూలం. వాసాలు దాని మీద కూర్చునే చోట మట్టి గొట్టాల్లాంటి సన్నటి గీతలుంటే చెదలు. వాటిని దులిపేస్తే సరిపోదు, గోడ పాదం నుంచి ఎక్కడ మొదలయ్యాయో వెతకాలి.

పని ఏ నెలల్లో పెట్టుకోవాలి?

డిసెంబరు నడుమ నుంచి ఫిబ్రవరి చివరి దాకా. మార్చి దాటితే ఈదురుగాలుల వానలు మొదలవుతాయి. అక్టోబరులో తొందరపడి కప్పు విప్పవద్దు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడు తుఫాన్లూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి.

చలికాలపు పనికి రెండు జాగ్రత్తలున్నాయి. ఒకటి, ఇక్కడి పొడిగాలిలో కర్ర బాగా ముడుచుకుంటుంది. ముడుచుకునేది అడ్డంగానే, పొడవులో మార్పు లెక్కలోకి రానంత తక్కువ. ఆరు అంగుళాల వెడల్పు పలక జనవరికీ ఆగస్టుకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు మారవచ్చు. జనవరిలో చూరు పలకలను సందు లేకుండా బిగిస్తే శ్రావణంలో ఒకదాన్నొకటి నెట్టుకుని మేకులతో సహా పైకి లేస్తాయి. మందపాటి అట్టముక్క పట్టేంత సందు వదలండి. మేస్త్రికి చూడటానికి అందంగా అనిపించకపోవచ్చు, ఒప్పించండి.

రెండు, రాత్రి మంచు, అంటే తేమ. సెమిలిగుడ, పొట్టంగి వైపు రాత్రి వేడి పది డిగ్రీల లోపుకు దిగుతుంది, తెల్లవారేసరికి పెంకులు, పలకలు తడిసి ఉంటాయి. పదింటి దాకా రంగు బ్రష్షు ముట్టుకోవద్దు. మధ్యాహ్నం మూడున్నరకు ఆపేయండి. సాయంత్రం వేసిన రంగు ఆరక ముందే మంచు పడితే పైన తెల్లటి పొర కడుతుంది.

ఫోనులో వీడియోల్లో చూరుకు మంచుగడ్డలు వేలాడటం, వాటికి విద్యుత్ తీగలు అమర్చడం చూశాం. మాకూ అవి కావాలా?

అక్కరలేదు. అది వేరే దేశపు జబ్బు. కప్పు మీద మంచు పేరుకునే చోట, ఇంట్లోని వేడి పైకి పోయి దాన్ని కరిగిస్తుంది. కరిగిన నీళ్లు చల్లగా ఉన్న చూరు దగ్గరికి చేరి మళ్లీ గడ్డకడతాయి. ఆ గడ్డ వెనక నీళ్లు నిలిచి పెంకుల కింద నుంచి లోపలికి దిగుతాయి. నీరు గడ్డకడితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది కాబట్టి పెంకులు, గారా పగులుతాయి. మంచు బాగా కురిసే చోట్ల ఇది నిజమైన బెడద. మన కొండల మీద అలా మంచు కురిసి పేరుకోదు, తెల్లవారి పడేది తేమ. ఆ వీడియోల్లో మనకు పనికొచ్చేది ఒకటే: కప్పు కింద గాలి ఆడాలన్న మాట.

చలి తట్టుకోలేక గోడకూ కప్పుకూ మధ్య సందులన్నీ గుడ్డలతో, సిమెంటుతో మూసేశాం. తప్పా?

గుడ్డలైతే తీసేయండి, సిమెంటు అయితే జాగ్రత్తగా కొట్టేయండి. ఆ సందులే మీ వాసాలకు ఊపిరి. వంట ఆవిరి, స్నానాల గది ఆవిరి, మనుషుల శ్వాస, అన్నీ పైకే పోతాయి. బయటికి దారి లేకపోతే చల్లటి పెంకుల అడుగున నీటి బొట్లుగా మారి వాసాల మీదే పడతాయి. పెంకుటి ఇల్లు చలికి వణుకుతుందన్న మాట నిజమే, దానికి మందు వేరు. పడుకునే గదికి గోడల ఎత్తున వెదురు తడకతోనో పలకలతోనో అటక వేయించండి. అటక పైన గాలి ఆడుతుంది, కింద వెచ్చగా ఉంటుంది. సందులకు సన్నటి ఇనుప వల కొడితే ఎలుకలు, గబ్బిలాలు రావు.

ఈ ప్రశ్న అడిగేవారికి ఇంకో మాట కూడా చెప్పాలి. సందులన్నీ మూసి, తలుపు బిగించి, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. ఆ గదిలో చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి నిద్రలోనే పోతాడు.

వాసం కొస పుచ్చింది. మొత్తం వాసం మార్చాలా?

చాలాసార్లు అక్కరలేదు. మేస్త్రి మొత్తం మార్చమంటే కారణం అడగండి. పుచ్చు గోడ దాటి లోపలికి పోకపోతే కొస వరకే బాగుచేయవచ్చు. పుచ్చిన చోటికి అడుగు లోపల, గట్టి కర్ర తగిలే దాకా కోసేయాలి. అదే మందం ఉన్న కొత్త ముక్కను పాత వాసం పక్కన ఆనించి బోల్టులతో బిగించాలి. మేకులు వద్దు. బయటికి ఎంత పొడవు వస్తుందో, లోపలికి దానికి రెట్టింపు పొడవు పాత వాసాన్ని పట్టుకుని ఉండాలి. చూరు రెండడుగులైతే కొత్త ముక్క ఆరడుగులన్న మాట. ఇక్కడే పొదుపు చేసి మూడడుగుల ముక్కతో సరిపెడతారు. మొదటి పెద్దగాలికి అది తక్కెడలా తిరగబడుతుంది.

పెంకులు దించేటప్పుడు కప్పుకు ఒక వాలు మొత్తం ఖాళీ చేసి రెండో వాలు అలాగే ఉంచకూడదు. బరువు ఒక పక్కకే పడి కొప్పు, అంటే రెండు వాలులూ కలిసే పై అంచు, ఒరుగుతుంది. రెండు వైపులా కొంచెం కొంచెం దించాలి, కింద ఊతాలు పెట్టాలి. దించిన పెంకులను పడుకోబెట్టి దొంతి పెట్టకుండా నిలబెట్టి వరసగా ఉంచితే విరగవు.

కొత్త ముక్కకు ఏ కర్ర మంచిది?

ఇక్కడ పాత ఇళ్లలో ఎక్కువగా కనిపించేది సాల, అంటే గుగ్గిలం కర్ర. బరువైనది, గట్టిది, సరిగా ఎండితే తరాలు నిలుస్తుంది. పచ్చిది వాడితే మెలి తిరుగుతుంది. బెజ్జం వేయకుండా మేకు కొడితే చీలుతుంది. టేకు ఖరీదెక్కువ, ముడుచుకోవడం తక్కువ. అందుకే చూరు పలకలకు టేకు, వాసాలకు సాల అనుకుంటే డబ్బు సరైన చోట పెట్టినట్టు. అన్నిటికన్నా మంచిది కూల్చిన పాత ఇంటి కర్ర. అది ఆరాల్సినంతా ఆరిపోయి ఉంటుంది. ఎక్కడ కొన్నా బిల్లు తీసుకోండి. అడవి నుంచి ఎవరో తెచ్చిన కర్రతో ఇల్లు బాగుచేసి తరవాత అటవీ శాఖ చుట్టూ తిరగడం ఎందుకు?

మా అమ్మమ్మ కాలంలో పురుగు పట్టలేదు, ఇప్పుడు పడుతోంది. ఎందుకు?

కట్టెల పొయ్యి పొగ రోజూ వాసాలకు పట్టి పురుగును దూరంగా ఉంచేది. గ్యాసు వచ్చాక ఆ నల్లటి పూత లేదు. పొగ మళ్లీ కావాలని ఎవరూ అనరు, అమ్మమ్మ ఊపిరితిత్తులు కూడా ఆ లెక్కలోవే. బదులుగా వెలిగారం, బోరిక్ ఆమ్లం వేడినీళ్లలో కలిపి, ఎండిన కర్రకు రెండు మూడు పూతలు పట్టించండి. పురుగుకూ బూజుకూ రెండింటికీ పనిచేస్తుంది. అయితే ఇది వానకు కడుక్కుపోతుంది. చూరు కొసలకు దీని మీద నూనె పూత తప్పనిసరి.

పలాస వైపు నుంచి వచ్చే జీడి తొక్కల నూనె పాతకాలపు మందు, ఇప్పటికీ మంచిదే. చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది, తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. వాడేసిన ఇంజను ఆయిలు పూసేవాళ్లూ ఉన్నారు. వాసన పోదు, దాని మీద రంగు పట్టదు, అంటుకుంటే ఆరదు. దాని జోలికి పోకపోవడమే మేలు.

రంగు మంచిదా, అవిసె నూనె మంచిదా?

పాత కర్రకు అవిసె నూనె. రంగు పొర కింద తడి చిక్కుకుంటే కనబడకుండానే లోపల కుళ్లుతుంది. నూనె పొర కట్టదు, రెండేళ్లకోసారి మళ్లీ పూస్తే చాలు. చలిలో ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది, పలచగా పూయండి. వాసం కొసకు మాత్రం అది ఇక పీల్చనంత దాకా పూయాలి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయవద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, విడిగా ఆరేయండి.

కొప్పు మీద ఏటా సిమెంటు పూస్తున్నాం, ఏటా పగులుతోంది.

పగులుతుంది మరి. కొప్పు పెంకుల కింద కర్ర కదులుతూ ఉంటుంది. పగలు ఎండకు కాగి, రాత్రి చలికి బిగుసుకుంటాయి పెంకులు. వట్టి సిమెంటు గట్టిది, కదలదు. తాను పగులుతుంది, లేదా పెంకు అంచును పగలగొడుతుంది. ఆ సన్నటి పగులులోంచి దిగిన నీళ్లు బయటికి రాలేక కొప్పు కర్రలోనే ఉండిపోతాయి. పాతవాళ్లు సున్నం వాడింది సిమెంటు దొరక్క మాత్రమే కాదు. సున్నం కొంచెం సర్దుకుంటుంది, తడిని బయటికి వదులుతుంది.

నానబెట్టిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక రెండు పాళ్లు, మెత్తటి ఇటుక పొడి ఒక పాలు కలిపితే కొప్పుకు సరిపోయే గారా వస్తుంది. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకకపోతే సిమెంటు ఒకటి, సున్నం రెండు, ఇసుక తొమ్మిది పాళ్లు కలపమనండి. అది రాజీ మార్గం, తప్పేమీ లేదు. గారా పెట్టే ముందు పెంకులను నీళ్లలో ముంచాలి. పొడి పెంకు గారాలోని నీళ్లన్నీ లాగేస్తుంది. తరవాత వారం పాటు తడి గోనెసంచులు కప్పాలి. మన చలికాలపు పొడిగాలికి సున్నం బిగుసుకోక ముందే ఎండిపోయి పొడిగా రాలుతుంది. మేస్త్రి తప్పని తిట్టుకునే పనుల్లో సగం ఈ గోనెసంచులు కప్పకపోవడం వల్ల పాడైనవే.

పాత సిమెంటును సుత్తితో మోది తీయవద్దు, కింద పెంకు పోతుంది. సన్నటి ఉలితో అంచుల నుంచి విడదీయాలి.

పాత పెంకులు ఎక్కడా దొరకడం లేదు. కొత్తవి కలపవచ్చా?

ముందు ఒక పాత పెంకు తిప్పి చూడండి. అడుగున ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది. గాడిలో కూర్చునే ఈ మంగళూరు రకం పెంకుల తయారీని బాసెల్ మిషన్ వారు 1865లో మంగళూరులో మొదలుపెట్టారు, తరవాత ఎన్నో ఊళ్లలో ఫ్యాక్టరీలు వచ్చాయి. చూడటానికి అన్నీ ఒకటే, కొలతలు మాత్రం కొద్దికొద్దిగా తేడా. ఆ కొద్ది తేడాకే గాడి గాడిలో కూర్చోదు. కాబట్టి పాతవీ కొత్తవీ ఒకే వాలులో కలపవద్దు. వెనక వైపు వాలు మొత్తం విప్పి, అక్కడి మంచి పెంకులతో ముందు వైపు, చూరు వరసలు నింపండి. వెనక వాలుకు కొత్త పెంకులు వేసి, రీపర్ల దూరం కొత్త కొలతకు మార్చండి. కొనేటప్పుడు వేలితో కొట్టి చూడండి. కంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల పగులుంది. ఘాటు రోడ్డు మీద లారీలో వస్తాయి, పదో వంతు ఎక్కువ చెప్పండి.

గాలికి చూరు లేవకుండా ఏం చేయాలి?

గాలి పెంకులను కిందికి నొక్కదు, చూరు కింద దూరి పైకి ఎత్తుతుంది. తిత్లీ గజపతి జిల్లాను ఎంత అల్లకల్లోలం చేసిందో పర్లాకిమిడి వైపు వారికి చెప్పనక్కరలేదు. చాలా పెంకుల అడుగున తీగ కట్టడానికి చిన్న బెజ్జం ఉంటుంది, దాన్ని ఎవరూ వాడరు. కింది రెండు వరసలు, పక్క అంచులు, కొప్పుకు ఆనుకున్న వరస, వీటన్నిటినీ తుప్పుపట్టని తీగతో రీపర్లకు కట్టండి. వాసాలను గోడ మీది దూలానికి ఇనుప పట్టీలతో బిగించండి.

చూరు పొడవు దగ్గర పేచీ ఉంది. గాలికి పొట్టి చూరు మంచిది, మట్టి గోడకు పొడుగు చూరు కావాలి. నా ఓటు పొడుగు చూరుకే, ఎందుకంటే పెద్దగాలి ఎప్పుడో వస్తుంది, వాన ఏటా వస్తుంది. అయితే రెండడుగులు దాటితే కింద స్తంభాలు పెట్టి వసారాగా మార్చండి, ఆ వసారా కప్పును ఇంటి కప్పుకు విడిగా కట్టండి. గాలికి పోతే అదొక్కటే పోతుంది.

చూరుకు రేకు దోనె పెట్టించాలా?

ఇటుక గోడకు, ఇంటి చుట్టూ రాతి పరుపు ఉంటే అక్కరలేదు. మట్టి గోడకు పెట్టించండి. ఏటా మే నెలలో ఆకులు తీయలేమనుకుంటే మాత్రం పెట్టించవద్దు. నిండిన దోనె నీళ్లను తిరిగి వాసాల మీదే పోస్తుంది.

కోతులతో వేగలేకపోతున్నాం.

దీనికి పూర్తి మందు లేదు. చూరుకు తాకే కొమ్మలు కొట్టించండి, తీగతో కట్టిన పెంకులు ఎక్కువ కాలం నిలుస్తాయి, పది పెంకులు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి. పిచ్చుకల గూళ్లు మాత్రం వదిలేయండి, వాటివల్ల కప్పుకు నష్టం లేదు.

పెంకులు తీసేసి స్లాబు వేసేద్దామని పిల్లలు అంటున్నారు.

నాలుగు అంగుళాల స్లాబు చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు తూగుతుంది. పెంకు, కర్ర కలిపినా అందులో మూడో వంతు ఉండదు. ఆ మట్టి గోడలు ఆ బరువు కోసం కట్టినవి కావు. స్లాబు కావాలంటే స్తంభాలు, కొత్త పునాది కావాలి, అంటే కొత్త ఇల్లే. అది వేరే లెక్క, కట్టుకోవాలనుకుంటే కట్టుకోండి. పాత గోడల మీదే వేస్తానని చెప్పే మేస్త్రిని మాత్రం గుమ్మంలోంచే పంపేయండి.

వసారా మీద పాత సిమెంటు రేకులున్నాయి. తీసేయవచ్చా?

పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని పొడి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. పగలగొట్టవద్దు, రంపంతో కోయవద్దు. నీళ్లతో బాగా తడిపి, బోల్టులు విప్పి, రేకును రేకుగానే దించాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు, సరైన మాస్కు కావాలి. పిల్లల్ని ఆ రోజు వేరే ఇంటికి పంపండి.

పనివాళ్లతో ముందే ఏమేమి మాట్లాడుకోవాలి?

రోజు కూలికా, మొత్తం గుత్తకా అన్నది తేల్చుకోండి. చూరు పనికి రోజు కూలే నయం, గుత్తకు ఇస్తే పుచ్చు కనిపించినా మూసేస్తారు. విప్పిన పెంకులు లెక్కపెట్టి అప్పగించాలని చెప్పండి. పెంకుల మీద నేరుగా నడవకుండా వాసాల మీదుగా పలక వేసుకోవాలి, నిచ్చెన చూరు పెంకుకు ఆనించకుండా గోడకే ఆనించాలి. వాసాల కొసలకు నూనె పట్టించాకే పెంకులు ఎక్కించాలి, ఆ రోజు మీరు అక్కడే ఉండండి. ఇంటి కప్పంత టార్పాలిన్ పని మొదలవక ముందే తెచ్చి పెట్టుకోండి. డిసెంబరులోనూ సముద్రం మీద వాయుగుండం పడితే ఈ కొండల మీద రెండు రోజులు ముసురు పడుతుంది.